పేర్లు కప్పిన ఫిల్ములు

మానుకోటలో నేను పనిచేసిన దవాఖానలో, ఒకే మనిషి కడుపుకు ఒకే వారంలో రెండు రిపోర్టులు వచ్చాయి. సోమవారం నాటి కాగితం మీద పెద్ద డాక్టరు గారు "చెడ్డ గడ్డ, క్యాన్సర్ అనుమానం" అని రాశారు. గురువారం నాటి కాగితం మీద డాక్టరమ్మ "జీర్ణాశయం వెనక నీటి సంచి, క్లోమం నుంచి పుట్టి ఉండవచ్చు" అని రాసింది. రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. ఆ మనిషి మాత్రం రెండో ఫిల్ము తీయించుకుని, రిపోర్టు కోసం ఆగకుండా తండాకు వెళ్ళిపోయింది. ఆమె చెవిలో పడ్డది మొదటి కాగితం ఒక్కటే.

దవాఖాన పేరు చెప్పను. ఇప్పుడది లేదు. రైలు పట్టాలకు ఇవతల, పెంకుటింట్లో పది మంచాలతో నడిచిన చిన్న ధర్మాసుపత్రి అది. నేను అక్కడ ఎక్స్‌రే తీసేవాణ్ణి. తీయడమే నా పని, చదవడం కాదు. నేను తీసినదాన్ని డాక్టర్లు చదివేవారు. ఈ తేడా నాకు బాగా తెలుసు, తెలిసీ ఒకసారి దాటాను. అదే చెప్పబోతున్నాను.

మాది జనగామ. మా బాపు అక్కడి ధాన్యం గంజ్‌లో వడ్ల బస్తాలు తూచేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, అక్కే పెంచింది. నేను పీయూసీలో ఉండగా అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చింది. కాలేజీ మూతపడింది. రోజూ ఊరేగింపుగా స్టేషన్‌కు వెళ్ళి పట్టాల మీద కూర్చునేవాళ్ళం. అంతమంది మధ్య అంత దగ్గరగా నేను కూర్చున్నది జీవితంలో ఆ కొన్ని నెలలే. పక్కవాడి చెమట మన చొక్కాకు అంటేది, ఎవరి ఇంటి నుంచో వచ్చిన సద్ది ముద్ద చేతులు మారుతూ మన దాకా వచ్చేది. చదువు ఒక ఏడాది వెనక్కి పోయింది. ఆ ఏడాదిలోనే బాపు కూడా పోయాడు. గంజ్‌లో బస్తాకు చేరగిలబడి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. కాలేజీ తెరిచేసరికి నాకు చదువు మీద మనసు లేదు. బావ ఎవరినో పట్టుకుని వరంగల్‌లో ఎక్స్‌రే పని నేర్చుకోవడానికి పెట్టించాడు. నేర్చుకుని మానుకోటలో చేరాను.

ఎక్స్‌రే గది అంటే నిజానికి రెండు గదులు. ఒకదాంట్లో మెషిను. దానికి ఆనుకుని చీకటి గది. ఫిల్మును మందు నీళ్ళలో ముంచి, ఎర్ర బల్బు వెలుగులో బొమ్మ పైకి తేలేదాకా చూసి, కడిగి, తీగకు తగిలించి ఆరబెట్టాలి. బయట ఎండ మండిపోతున్నా నాకు తెలిసేది కాదు. పని ముగించి తలుపు తీస్తే కళ్ళు చిట్లించుకుని నిలబడేవాణ్ణి. ఒక్కోరోజు ఆలోచించి చూస్తే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా నోటి నుంచి వచ్చినవి మూడే మాటలు: "గాలి పీల్చు. ఆపు. ఇడువు." అవే మాటలు ముప్పై మందితో అని ఉంటాను. నేను ఇడువు అన్నాక కూడా కొందరు ఊపిరి బిగబట్టుకునే ఉండేవాళ్ళు, భుజం తట్టి చెప్పాల్సి వచ్చేది.

అక్క నాకు సంబంధాలు చూసేది. మూడు చూసింది, మూడూ ఒకే చోట ఆగిపోయాయి. మూడోసారి పిల్ల తండ్రి నన్ను చూడ్డానికి నేరుగా దవాఖానకే వచ్చాడు. తొర్రూరు వైపు రైతు, మంచి మనిషి. చీకటి గది తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూశాడే గాని గడప దాటలేదు.

"బిడ్డా, ఒక మాట అడుగుత, తప్పు వట్టకు. గీ కిరణాల కాడ పని జేసెటోళ్లకు పిల్లలు పుట్టరంటరు. నిజమేనా?"

"సీసం బట్ట కట్టుకుంటమే నాయినా. ఏం గాదు."

"నువ్వు ఏం గాదంటవు. ఊరోళ్లు ఐతదంటరు. నేనెవ్వరి మాట నమ్మాలె?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగాడు. నేను ఇచ్చిన చాయ్ తాగి, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత అక్క మరో సంబంధం తేబోతే నేనే వద్దన్నాను.

ఇక డాక్టర్ల సంగతి. పెద్ద డాక్టరు గారిది గుంటూరు వైపు. ఉద్యమానికి చాలా ముందే మానుకోట వచ్చి స్థిరపడ్డారు. ఉద్యమం రోజుల్లో ఎవరో ఆయన ఇంటి గోడ మీద తారుతో "వెళ్ళిపో" అని రాశారు. ఒక రాయి కిటికీలోంచి వచ్చి ఊయల పక్కన పడింది. ఆయన భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆయన వెళ్ళలేదు. గోడకు సున్నం కూడా వేయించలేదు. నేను చేరేనాటికి వానలకు ఆ అక్షరాలు చాలావరకు చెరిగిపోయాయి గాని, చదవాలనుకుంటే చదవవచ్చు.

డాక్టరమ్మది డోర్నకల్. వాళ్ళ నాన్న చర్చి బడిలో పంతులు. ఉద్యమం నాటికి ఆమె వైద్య విద్యార్థిని, సమ్మెలో ముందు వరసలో నిలిచిన మనిషి. ఆ సంగతి పెద్ద డాక్టరు గారికి ఎవరో చెప్పారు. ఆయన ఏమీ అనలేదు. ఆమెతో మాట్లాడడం మాత్రం మానేశారు. ఆమె కూడా తగ్గలేదు. సోమ, బుధ, శుక్రవారాల్లో తీసిన ఫిల్ములు ఆయన చదవాలి, మంగళ, గురు, శనివారాల్లో తీసినవి ఆమె చదవాలి. ఎవరు పెట్టారో గాని ఆ ఏర్పాటు వల్ల ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడనవసరం లేకుండా ఏళ్ళు గడిచాయి. ఇద్దరి మధ్య తిరిగేది నేనొక్కణ్ణే. ఇద్దరూ నాతో మంచిగానే ఉండేవారు. ముగ్గురమూ ఒంటిగా ఉన్న మనుషులమే. మధ్యాహ్నం మూడు గదుల్లో మూడు సద్ది గిన్నెలు తెరుచుకునేవి.

అలాంటి రోజుల్లో ఆ లంబాడీ ఆమె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. పై కడుపులో గడ్డ చేతికి తగిలేది, తిన్నది ఇమడడం లేదు, మనిషి చిక్కిపోయింది. తెల్లటి బేరియం నీళ్ళు తాగించి సోమవారం ఫిల్ములు తీశాను. ఆ నీళ్ళు వెళ్ళే దారి ఫిల్ములో కనిపిస్తుంది, దాన్ని బట్టి చుట్టూ ఏముందో ఊహించాలి. జీర్ణాశయాన్ని వెనక నుంచి ఏదో ముందుకు తోస్తున్నట్టు కనిపించింది. పక్కకు తిప్పి తీసిన ఫిల్ము మాత్రం కరెంటు పోయి పాడైంది. పెద్ద డాక్టరు గారు ఉన్నవాటిని చూసే రిపోర్టు రాశారు. పాడైన ఫిల్మును గురువారం మళ్ళీ తీశాను. గురువారం కాబట్టి అది డాక్టరమ్మ బల్ల మీదికి వెళ్ళింది. ఆమెకు మొదటి రిపోర్టు సంగతి తెలియదు.

శుక్రవారం పొద్దున రెండు కాగితాలు పట్టుకుని పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన రెండో కాగితం కేసి చూసి, చేతివ్రాత గుర్తుపట్టి, చదవకుండానే పక్కన పెట్టారు. "ఏవయ్యా, నేను చూసింది నేను రాశాను. ఆవిడ చూసింది ఆవిడ రాసింది. నన్నేం చెయ్యమంటావ్?"

"రెండిట్ల ఏది ఇయ్యాలె సార్?"

"రెండూ ఇవ్వు."

"వాళ్లకు చదువు రాదు సార్."

ఆయన అద్దాలు తుడుచుకుని మరో ఫిల్ము అందుకున్నారు. డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఆమె కూడా ఆయన కాగితం ముట్టుకోలేదు, నేను చదివితే వింది. కాని నన్నొక మాట అడిగింది. "అన్నా, ఆమెకు కడుపుల ఏమన్న దెబ్బ తాకిందా? అడిగినవా?"

"నేనెందుకు అడుగుత మేడం? నేను ఫోటో తీసెటోన్ని."

"నేనూ అడగలె. అప్పటికే ఎల్లిపోయింది. క్లోమానికి దెబ్బ తాకితే కొన్ని వారాలకు గిట్ల నీళ్ల సంచి కట్టచ్చు. దెబ్బ లేకుంటే సార్ రాసిందే నిజం కావచ్చు. నాకూ పక్కాగ తెల్వదు."

ఆదివారం సైకిల్ అడిగి తెచ్చుకుని తండాకు వెళ్ళాను. తొమ్మిది మైళ్ళు. రిజిస్టర్‌లో ఊరు చూసి వెళ్ళడం మా దవాఖాన పద్ధతి కాదు. ఇలా వెళ్ళానని తెలిస్తే ఉద్యోగం ఉంటుందో లేదో కూడా తెలియదు. తండా చివర ఇల్లు. ఆమె గోడకు ఆనుకుని ఎండ పొడలో కూర్చుని ఉంది. ఆమె భర్త నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పక్కన కొత్త బట్టల మూట కనిపించింది. పుట్టింటి వాళ్ళు చివరి చూపుకు వచ్చి పెట్టిపోయారట.

"పెద్ద సారు చెడ్డ గడ్డ అన్నడు గదా సారూ. వరంగల్ తీస్కపోయినా లాబం లేదని మావోళ్లు అన్నరు. ఇంట్లనే పాణం పోనియ్యమన్నరు," అన్నాడు.

"అన్నా, ఒక్క ముచ్చట అడగనీకె వచ్చిన. అక్కకు కడుపుల ఏమన్న దెబ్బ తాకిందా? కిందపడ్డదా?"

అతను ఆమెకు వాళ్ళ భాషలో చెప్పాడు. ఆమె నా వైపు చూసి, చేత్తో పక్కటెముకల కింద చూపిస్తూ చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. భర్త ముఖం మారుతూ వచ్చింది.

"ఎండ్లకాలం ముందుగాల బర్రె కుమ్మిందట సారూ. నీళ్లు తాపనీకె పోతె గోడకేసి ఒత్తిందట. రెండొద్దులు లేవలేదు. నేనప్పుడు కూలికి ఊర్ల లేను. నాకు గూడ చెప్పలే."

"దవాఖానల ఎందుకు చెప్పలే?"

అతను అడిగాడు. ఆమె చిన్నగా ఏదో అంది. అతను తల దించుకుని చెప్పాడు. "ఎవలు అడగలేదట."

సోమవారం పొద్దున పెద్ద డాక్టరు గారు వచ్చీ రాగానే చెప్పేశాను. తండాకు వెళ్ళానని కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన ఆ ఫిల్ములన్నీ తెమ్మన్నారు. లైటు పెట్టెకు తగిలించి చాలాసేపు చూశారు. నాకు వీపు మాత్రమే కనిపిస్తోంది. తర్వాత అటు తిరిగే ఉండి, "ఆవిడ్ని పిలు," అన్నారు.

నేను వెళ్ళి, బర్రె సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మ చేతిలో స్టెతస్కోపు అలాగే పట్టుకుని వచ్చింది. ఇద్దరూ లైటు పెట్టె ముందు పక్కపక్కన నిలబడడం నేను చూసింది అదే మొదటిసారి. పలకరింపులు లేవు. ఆయన వేలితో ఒక అంచు చూపించారు. "ఈ గీత నునుపుగా ఉంది. మొన్న నాకు ఇది గరుకుగా అనిపించింది." ఆమె, "నాకు బర్రె సంగతి తెల్వక ముందు సగం అనుమానమే ఉండె సార్," అంది. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టి వరంగల్ పెద్దాసుపత్రికి రాశారు. అక్కడ ఆపరేషన్ చేసి సంచిలోని నీళ్ళకు జీర్ణాశయంలోకే దారి పెట్టారు. ఆమె బతికింది. మరుసటేడు మిరపకాయల గంపతో దవాఖానకు వచ్చి మా ముగ్గురికీ పంచింది. బర్రెను అమ్మేశారా అని డాక్టరమ్మ అడిగితే నవ్వి, అడ్డంగా తల ఊపింది. పాలిచ్చే బర్రెను ఎవరు అమ్ముకుంటారు?

కథ ఇక్కడ ఆగితే బాగుండేది.

ఆ సంగతి పెద్ద డాక్టరు గారిని లోపల తొలిచేసింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, పాత ఫిల్ముల్లోంచి కడుపువి నలభై తీయమన్నారు. పేరు, ఊరు, తేదీ ఉన్న మూలను నల్ల కాగితంతో కప్పి అంకెలు వేయమన్నారు. ఏ అంకె ఎవరిదో నాకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆయన, డాక్టరమ్మ వేర్వేరు గదుల్లో చదివి రాయాలి. నెల తర్వాత నేను అంకెలు మార్చి, కలిపేసి, అవే ఫిల్ములు మళ్ళీ ఇవ్వాలి. డాక్టరమ్మ వెంటనే ఒప్పుకుంది. ఆమె పెదవి చివర కొంచెం పంతం కూడా కనిపించింది. ఎవరి కన్ను సరైనదో తేలిపోతుందని ఇద్దరూ లోపల అనుకున్నారనుకుంటాను.

రెండు విడతలూ అయ్యాక నాలుగు జాబితాలూ నేనే సరిచూశాను. మూత్రపిండంలో రాయి, పేగులో అడ్డు వంటి చోట్ల ఇద్దరూ దాదాపు ఒకటే రాశారు. జీర్ణాశయం వెనక నీడల దగ్గరికి వచ్చేసరికి ఒకరు గడ్డ అన్నచోట మరొకరు సంచి అన్నారు, ఇంకొకచోట ఏమీ లేదన్నారు. అది నేను ఊహించిందే. ఊహించనిది మరొకటి. నెల కిందట గడ్డ అన్న ఫిల్మునే పెద్ద డాక్టరు గారు ఈసారి సంచి అన్నారు. డాక్టరమ్మ కూడా అలాగే. ఒకరితో ఒకరు విభేదించినంత కాకపోయినా, ఎవరితో వారే విభేదించిన చోట్లు తక్కువేమీ కాదు.

జాబితాలు వాళ్ళ ముందు పెట్టాను. డాక్టరమ్మ తన కాగితం రెండుసార్లు చూసుకుంది. పెద్ద డాక్టరు గారు మాత్రం కాగితం ముట్టుకోలేదు.

"నా మాట నేనే ఒప్పుకోలేదయ్యా," అన్నారు. "ఇన్నేళ్ళలో ఇలా ఎంతమందికి రాసి పంపానో."

డాక్టరమ్మ అంది, "అందరం గంతే సార్. మనకు తెల్వలే, గంతే."

ఆ మాట ఆయన్ని ఓదార్చిందో లేదో గాని, ఆ రోజు నుంచి ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఫిల్ము చదివే ముందు రోగిని ఏమేం అడగాలో ఒక కాగితం మీద రాశారు. దెబ్బ తగిలిందా, జ్వరం వచ్చిందా, ఎన్నాళ్ళ నుంచి, ఎంత చిక్కిపోయారు, సారా తాగుతారా. అడిగే పని నాకు అప్పగించారు. సంచి అని ఎప్పుడు రాయాలి, గడ్డ అని ఎప్పుడు రాయాలి అని కూడా నిర్ణయించుకున్నారు. రెండూ కానప్పుడు "చెప్పలేము" అని రాయాలని డాక్టరమ్మ పట్టుపట్టింది. అలా రాస్తే జనం నవ్వుతారన్నారాయన. నవ్వనియ్యండి అంది ఆమె. మూడు మాటలకు మించి మాట్లాడని నేను ఇప్పుడు బెంచీ మీద రోగి పక్కన కూర్చుని అరగంట ముచ్చట్లు వినేవాణ్ణి. నా జీవితంలో మంచి కాలమేదని ఎవరైనా అడిగితే ఆ రెండేళ్ళే చెబుతాను. మధ్యాహ్నం మూడు గిన్నెలూ ఒకే బల్ల మీద తెరుచుకునేవి.

అప్పుడే డోర్నకల్ నుంచి రైల్వే గ్యాంగ్‌మన్ ఒకతను వచ్చాడు. నలభై ఏళ్ళు, గట్టి మనిషి. కడుపు నొప్పి. ఒకప్పుడు పట్టాల దగ్గర పడి దెబ్బ తగిలిందని చెప్పాడు. నేనే రాసుకున్నాను. డాక్టర్లిద్దరూ కలిసి లైటు పెట్టె ముందు నిలబడి చదివారు. పెద్ద డాక్టరు గారు "సంచిలా ఉంది కదమ్మా," అన్నారు. డాక్టరమ్మ కొంచెం ఆలోచించి, "అట్లనే ఉన్నది సార్," అంది. ఇద్దరూ సంతకం పెట్టారు. మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దామన్నారు.

వరండాలో అతను నా చెయ్యి పట్టుకుని, "మంచిగైతదా సార్?" అని అడిగాడు.

"పరేషాన్ కాకు అన్నా. ఇద్దరు డాక్టర్లు ఒకటే మాట అన్నరు," అన్నాను. ఎంతో ధైర్యంగా అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు ఎవరిచ్చారో తెలియదు.

మూడు నెలలకు ముందే వచ్చాడు, కామెర్లతో కళ్ళు పచ్చబడి. అది సంచి కాదు. వరంగల్‌లో కడుపు తెరిచి, మళ్ళీ మూసేశారు. ముందే వచ్చినా చేయగలిగింది పెద్దగా ఉండేది కాదేమో అని అక్కడి డాక్టరు అన్నాడట. ఉండేదో లేదో ఎవరికీ తెలియదు. అతను పోయాక డోర్నకల్‌లో రైల్వే క్వార్టర్స్‌కు వెళ్ళాను. అతని భార్య నాకు కుర్చీ వేసింది. నన్ను నిందించలేదు. "ఇద్దరు రాసిన్రంటే నమ్మినం సారూ. ఒక్కలే రాస్తే ఇంకో కాడ అడుగుతుంటిమేమో," అని మాత్రం అంది. ఆ మధ్యాహ్నం డోర్నకల్ స్టేషన్‌లో రెండు రైళ్ళు వదిలేసి మూడోది ఎక్కాను.

తిరిగి వచ్చి ఆమె అన్న మాట ఇద్దరికీ చెప్పాను. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. "సార్ సంచి అన్నంక నాకు సంచిలెక్కనే కనవడ్డది," అంది. "వేరే గదిల కూసుంటే ఏమనేదాన్నో."

పెద్ద డాక్టరు గారు అన్నారు. "పోట్లాడుకున్న రోజుల్లో వేరే వేరే తప్పులు చేశాం. కలిశాక ఇద్దరం ఒకే తప్పు చేశాం."

మళ్ళీ విడివిడి గదుల్లో చదవడం మొదలైంది. ఈసారి కోపంతో కాదు. ఒకరు రాసింది మరొకరికి చూపకుండా కవరులో పెట్టి నాకిచ్చేవారు, రెండు కవర్లూ నేను తెరిచేవాణ్ణి. తేడా ఉన్నప్పుడే కలిసి కూర్చునేవారు. ఈ పద్ధతి మంచిదే. కాని రోజులో ఎక్కువసేపు మూడు తలుపులూ మళ్ళీ మూసే ఉండేవి. గ్యాంగ్‌మన్ తర్వాత భోజనం దగ్గర కూడా ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. కొన్నాళ్ళకు ఎవరి గిన్నె వారి గదిలోకే వెళ్ళింది.

పెద్ద డాక్టరు గారు ఆ తర్వాత రెండేళ్ళకు పని మానుకుని కొడుకు దగ్గరికి వెళ్ళారు. రైలెక్కించడానికి మేమిద్దరమే వెళ్ళాం. డాక్టరమ్మ నమస్కారం పెట్టి, "అప్పట్ల మీ ఇంటి మీద రాయి ఏసినోళ్లల్ల నేను లేను సార్. కాని వద్దని గూడ అనలే," అంది. ఆయన ఆమె చేతుల్ని రెండు చేతులతో పట్టుకున్నారు. ఏమన్నారో రైలు కూతలో నాకు వినబడలేదు. డాక్టరమ్మ కూడా మరుసటేడు ఖమ్మం వెళ్ళిపోయింది. చదివేవాళ్ళు లేక ఎక్స్‌రే గది మూతపడింది, ఇంకొన్నాళ్ళకు దవాఖానా మూతపడింది.

ఎనభైల్లో భూపాలపల్లిలో పని దొరికింది. బొగ్గు కోసం కొత్త మనుషులు వస్తున్న రోజులు. అడవి అంచున ఒక చిన్న దవాఖాన, ఒక చిన్న మెషిను. ఫిల్ము చదివే డాక్టరు అక్కడ లేడు. వారానికి రెండుసార్లు ఫిల్ముల కట్ట పరకాల మీదుగా వరంగల్ బస్సులో పంపేవాణ్ణి, రిపోర్టులు అదే బస్సులో తిరిగి వచ్చేవి. అక్కడ నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. గది ముందు ఒక మోదుగ చెట్టు, వెనక లారీల మోత. అక్క కార్డు రాసేది. "తమ్మీ, ఒక్కనివి ఏం తింటున్నవో," అని ప్రతి కార్డులో అదే ప్రశ్న. అన్నం, పచ్చిపులుసు అని అదే జవాబు రాసేవాణ్ణి.

ఫిల్ముతో పాటు రోగి చెప్పిన ముచ్చట కూడా ఒక కాగితం మీద రాసి పెట్టడం నాకు అలవాటైపోయింది. ఎవరూ అడగలేదు. దెబ్బ, జ్వరం, సారా, ఎన్నాళ్ళు, ఇంట్లో ఎవరున్నారు, ఏం పని. వరంగల్‌లో చదివే డాక్టరు ఎవరో నాకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు. మొదట్లో ఆయన ఒక్క ముక్కలో రాసి పంపేవాడు. ఒకసారి రిపోర్టు వెనక పెన్సిలుతో, "మీ కాగితం చదవకముందు ఒకటి రాసుకున్నాను. చదివాక ఇంకొకటి. రెండూ పంపుతున్నాను," అని ఉంది. ఆ తర్వాత ప్రతిసారీ రెండూ పంపేవాడు. తేడా ఉన్నచోట నేను రోగిని మళ్ళీ పిలిపించి, అడిగి, తెలిసింది రాసేవాణ్ణి. దానికి ఆయన జవాబు రాసేవాడు. ఒకసారి, ఒక సింగరేణి కార్మికుడి కడుపు గురించి మూడు వారాలు మేమిద్దరం బస్సులో వాదించుకున్నాం. మా పేర్లు మేము ఒకరికొకరం ఎప్పుడూ రాసుకోలేదు. వరంగల్ వెళ్ళి కలవవచ్చు. రెండుసార్లు బస్సు స్టాండు దాకా వెళ్ళాను కూడా. వెళితే ఏం మాట్లాడాలో తెలియక తిరిగి వచ్చాను.

నాలుగేళ్ళు అలా నడిచింది. ఒక శుక్రవారం కట్ట విప్పితే చేతివ్రాత వేరుగా ఉంది. పెన్సిలు లేదు. ఒక్కొక్క ఫిల్ముకు ఒక్కొక్క ముక్క, అచ్చు వేసినట్టు గుండ్రంగా. నా కాగితాలు మడత కూడా విప్పకుండా తిరిగి వచ్చాయి. బస్సు కండక్టరును అడిగాను.

"పాత డాక్టర్ సార్ ఏడికి పోయిండు?"

"నాకేం ఎర్కనే అన్నా. కిటికీల కెల్లి చెయ్యి వస్తది, కట్ట ఇస్త. చెయ్యి ఎవలదో నేనెన్నడు చూడలె," అన్నాడు.

ఆ రోజు కట్టలో తొమ్మిది ఫిల్ములు ఉన్నాయి. అందులో ఒక ఆడమనిషి కడుపుది. రిపోర్టులో "ఏమీ లేదు" అని ఉంది. నా కాగితంలో ఆమె ఎడమ వైపు నొప్పి గురించి పది వరుసలు ఉన్నాయి. ఆ కాగితాన్నే మళ్ళీ శుభ్రంగా తిరగరాసి, "దయచేసి ఇది చదివి, ఇంకొకసారి చూడండి," అని పైన చేర్చి, మంగళవారం బస్సులో పంపాను.